ఇద్దరి నేరం, గూడెమంతటికీ శిక్ష

2022 నవంబర్ 22న చండ్రుగొండ ఫారెస్టు రేంజర్ శ్రీనివాసరావును బెండాలపాడు పంచాయతీలోని ఎర్రబోడు గూడెం దగ్గర నరికి చంపారు. ప్లాంటేషన్ చూడ్డానికి డ్యూటీ మీద వెళ్లిన మనిషి ఇల్లు చేరలేదు. నిందితులిద్దరూ గొత్తికోయలు, ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చిన ఆదివాసీలు. కొద్దిరోజుల్లోనే బెండాలపాడు పంచాయతీ కూర్చుని, గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపించెయ్యాలని తీర్మానం చేసింది. మరుసటి ఏడాది ఆగస్టులో కొత్తగూడెం కోర్టు ఆ ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. కోర్టు తేల్చిన దోషులు ఇద్దరు. పంచాయతీ మాత్రం చంటిపిల్లలతో సహా గూడెం మొత్తాన్నీ దోషిని చేసింది.

పాల్వంచలో ఉండే క్రైస్తవుడిగా ఈ రెండు తీర్పుల మధ్య నేనెక్కడ నిలబడాలో నాకు స్పష్టంగా తెలుసు.

ముందు హత్య సంగతి. పోడు తగాదాలు, పట్టాల్లేని బతుకు, నాటిన మొక్కల కింద పోయిన చేను, ఇవన్నీ చెప్పి ఆ కత్తివేటును తేలిక చేసే మాటలు విన్నాను. నేను ఒప్పుకోను. గొత్తికోయల కష్టం నిజం. 2005లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక అటు మావోయిస్టులు, ఇటు ప్రభుత్వం ఆయుధాలిచ్చిన మనుషులు, మధ్యన నలిగి వేలమంది గోదావరి ఇవతలి అడవుల్లోకి వచ్చిపడ్డారు. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు చెల్లదని చెప్పేనాటికే వాళ్ల ఊళ్లు ఖాళీ. అయినా కష్టపడ్డవాళ్లందరూ కత్తి ఎత్తలేదు, ఎత్తింది ఇద్దరే. ఆదికాండంలో కయీను తమ్ముణ్ని చంపకముందే దేవుడు అతన్ని హెచ్చరిస్తాడు. కోపాన్ని అదుపులో పెట్టుకునే దారి అతని ముందు ఉంది. అందుకే ఆ నెత్తురుకు జవాబు అతనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రేంజర్ కుటుంబానికి క్షమించమని చెప్పే హక్కు కూడా మనకు లేదు. క్షమ వాళ్లది, ఇచ్చేదీ ఇవ్వనిదీ వాళ్ల ఇష్టం.

అయితే అదే అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది, మన ప్రసంగాల్లో తక్కువ వినిపిస్తుంది. కయీనును కనబడ్డవాడల్లా చంపకుండా దేవుడు అతనికి ఒక గుర్తు వేశాడు. హంతకుడి మీద కూడా ఎవరికి తోచిన పగ వాళ్లు తీర్చుకోకూడదు. అలాంటప్పుడు హంతకుడి పక్క గుడిసెలో ఉన్నవాళ్ల మీద తీర్చుకోవచ్చా? తండ్రి పాపానికి కొడుకు శిక్ష అనుభవించడని యెహెజ్కేలు ప్రవక్త పద్దెనిమిదో అధ్యాయమంతా అదే పనిగా చెప్పాడు. సొదొమను కాపాడమని అబ్రాహాము యాభై మంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి పదిమంది దాకా బతిమాలాడు. ఎర్రబోడు కోసం మన సంఘాల్లో ఎవరు నోరు విప్పారు?

ఈ మౌనం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఎందుకంటే మనం డోర్నకల్ వారసులం. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో అజరయ్య లేచి, తెల్ల మిషనరీలు భారతీయుల్ని స్నేహితులుగా చూడటం లేదని వాళ్ల మొహం మీదే చెప్పాడు. రెండేళ్ల తర్వాత ఆయనే డోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. మాల, మాదిగ ఒకే ప్రభువు బల్ల దగ్గర మోకరించాలని పట్టుబట్టాడు. ఆయన పేరు చెప్పుకుని గర్వపడే మనం, మిరప కోతలకు వచ్చే గొత్తికోయ ఆడవాళ్లను మన బెంచీ మీద కూర్చోబెట్టుకున్నామా?

బెండాలపాడు తీర్మానం జరిగిన మరుసటి నెలలోనే, డిసెంబర్‌లో, బస్తర్‌లోని నారాయణపూర్, కొండగావ్ జిల్లాల్లో క్రైస్తవులైన ఆదివాసీలను సొంత ఊళ్లవాళ్లే తరిమేశారు. ఆ చలిలో వాళ్లు నారాయణపూర్ స్టేడియంలో తలదాచుకున్నారు. ఆ వార్తకు మనం చలించాం, అన్యాయమన్నాం. నిజమే, అన్యాయమే. ఊరంతా కలిసి ఒక గుంపును వెళ్లగొట్టడం నారాయణపూర్‌లో పాపమైతే చండ్రుగొండలో న్యాయం ఎలా అవుతుంది? తరిమేది మనవాళ్లనైతే ఒక తూకం, పరాయివాళ్లనైతే ఇంకో తూకమా?

తీర్మానాలకు ఒక సౌకర్యం ఉంది. అందరూ కలిసి చేసింది కాబట్టి ఎవరూ చేసినట్టు ఉండదు. హంతకులను ఒక్కొక్కరిగా లెక్క అడుగుతున్న మనం, చెయ్యెత్తినప్పుడు కూడా ఒక్కొక్కరిగా లెక్క చెప్పాలి.

పాల్వంచ, కొత్తగూడెం, చండ్రుగొండ సంఘ కాపరులకూ పెద్దలకూ నా మనవి ఇది. ఈ విషయం పుల్పిట్ మీద మాట్లాడండి. ప్రాణం పోగొట్టుకున్న రేంజర్ కుటుంబం కోసం, ఎర్రబోడు పిల్లల కోసం ఒకే ప్రార్థనలో అడగండి. రేపు మీ పంచాయతీలో ఇలాంటి తీర్మానం వస్తే చెయ్యెత్తకండి. ఎందుకు ఎత్తలేదో లేచి నిలబడి చెప్పండి.