రాగికి ముందు పచ్చిరొట్ట: ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

కరగ దాటిందంటే నగర్తపేటలో మనలాంటి ఇళ్లవాళ్ల ఫోన్లు హిందూపురం వైపు మోగుతాయి. "వాన పడిందా? దుక్కి అయిందా?" అని. పేటలో తరాలుగా వ్యాపారం చేసుకుంటున్నా, మనవాళ్లలో చాలామందికి మడకశిర, లేపాక్షి పక్కన రెండెకరాలో నాలుగెకరాలో ఇంకా మిగిలే ఉన్నాయి. సాగు చేసేది మాత్రం మనం కాదు. కోరుకో గుత్తకో ఇచ్చి, సంగటికి నాలుగు మూటల రాగులు తెచ్చుకుంటాం.

ఈమధ్య ఇంట్లో చదువుకున్న పిల్లలు ఒక మాట ఎత్తుతున్నారు. రాగి వేసేదాకా చేను ఎందుకు బీడుగా ఉండాలి? జనుమో అలసందో చల్లి, పూత మీద దున్నేస్తే భూమికి బలం కదా? ఈ ఏడు అలాగే చేయమని చెప్పేద్దామా?

నా అభిప్రాయం ఇది. ఆలోచన మంచిదే. కానీ ఆ ఖర్చు మనం భరిస్తామంటేనే ఆ మాట చెప్పాలి. లేకపోతే నోరు మెదపకూడదు.

ముందు మంచి సంగతి చూద్దాం. మనవి ఎర్ర నేలలు. సారం తక్కువ, నాలుగు చినుకులు పడి ఎండకాస్తే పైన పెళ్లగడుతుంది. అలసంద, జనుము, ఉలవ వేళ్ల మీది బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. వానాధారపు రాగికి ఎకరానికి సుమారు 20 కిలోల నత్రజని వేయమంటారు. పచ్చిరొట్ట బాగా పెరిగితే అందులో కొంత యూరియా మూట లేకుండానే వస్తుంది. దానికన్నా పెద్ద లాభం, మే నెల గాలివానకి పైమట్టి కొట్టుకుపోదు. ఆంధ్రలో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో చేయిస్తున్నదీ ఇంచుమించు ఇదే. విత్తనాలకు బీజామృతం, మట్టి, బూడిద పట్టించి, వానకు ముందే పొడి దుక్కిలో చల్లిస్తారు. ఊళ్లలో నవధాన్యాలు చల్లడం అంటే అందరికీ తెలుస్తుంది.

ఇక సాగు చేసేవాళ్లు చెప్పే అడ్డు: "ఉన్న కాస్త పదునూ అదే తాగేస్తే రాగికి ఏం మిగులుతుంది?" ఇది వట్టి భయం కాదు. దీనికి జవాబు తేదీల్లో ఉంది. మే 10న విత్తితే 45 రోజులకి, అంటే జూన్ 25 ప్రాంతానికి పూతకొస్తుంది. అప్పుడు దున్ని రెండు వారాలు మాగనిస్తే జులై నడిమికి రాగి విత్తుకోవచ్చు. బెంగుళూరు జీకేవీకే ఇచ్చిన జీపీయూ-28 రకం 110–115 రోజుల పంట. సెప్టెంబరు, అక్టోబరు వానలు దానికి సరిగ్గా అందుతాయి. అదే తొలివాన జూన్ నడిమిదాకా రాలేదనుకోండి, ఈ లెక్కన రాగి ఆగస్టు సగానికి జారుతుంది. చివర్లో పంట ఎండుతుంది. అందుకని మే నెలాఖరులోగా విత్తడం కుదరకపోతే ఆ ఏడాదికి పచ్చిరొట్ట మాట వదిలేయాలి. విత్తాక కూడా, పూత దాటి కాడ ముదిరిందాకా ఉంచకూడదు. ముదురు కాడ కుళ్లడానికి నేలలోని నత్రజనినే లాక్కుంటుంది. దున్నే నాటికి పదును లేకపోతే కోసి నేల మీదే పరచడం మేలు.

జీలుగ మన చేలకి వద్దు. అది తడి ఉండే వరి మళ్లకి బాగుంటుంది. మెట్టకి జనుము, లేదా అలసంద. అలసంద అయితే దున్నేముందు లేత కాయ కొంత ఇంటికొస్తుంది. చేసేవాళ్లకి చేతికి ఏదో ఒకటి దక్కాలి కదా.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. జనుము ఎకరానికి 12–15 కిలోల విత్తనం కావాలి. ట్రాక్టరు బాడుగ ఒకసారి అదనం. వేసవిలో ఊరి గొర్రెలూ ఆవులూ విడిగా తిరుగుతాయి, పచ్చగా కనిపించే చేనుకి కాపలా ఉండాలి. ఈ శ్రమంతా ఈ ఏడు, ఫలం మాత్రం మూడు నాలుగేళ్లు వరసగా చేస్తే కనిపిస్తుంది. మరి కోరుకి చేసేవాళ్లకి మన మాట ఎన్నాళ్లు? నోటిమాటగా ఏడాది. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం ఇచ్చే సాగు హక్కు కార్డు కూడా 11 నెలలకే. వచ్చే ఏడు ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో తెలియనివాళ్లని "మా భూమికి బలం చేయండి" అనడం న్యాయమా? బలం మన ఆస్తికి, చెమట వాళ్లది. అందుకే వాళ్లు వినరు. విననందుకు వాళ్లని మూర్ఖులనడం మన తప్పు.

కాబట్టి ఇలా చేద్దాం. విత్తనం, దుక్కి ఖర్చు పూర్తిగా మనది. మొదటి ఏడు సగం చేనులోనే, మిగతా సగం ఎప్పటిలాగే. రెండు వైపులా పండిన రాగులు వేరుగా తూచి రాసుకోవాలి. సగం చేనులో పంట తగ్గితే ఆ తరుగు మన పాలులోంచి పోవాలి. మూడేళ్లు చేను మార్చమని ముందే మాటివ్వాలి. ఎప్పుడు విత్తాలో, ఎప్పుడు దున్నాలో ఆ చేలో నిలబడ్డవాళ్లే తేల్చాలి. పేటలో పడ్డ వాన చూసి మనం చెప్పకూడదు.

ఇంతకి ఒప్పుకునే ఇళ్లవాళ్లు ఈ ఏడే మొదలుపెట్టండి. ఒప్పుకోలేనివాళ్లు చేను బీడుగా ఉందని ఎవరినీ తప్పుపట్టకండి.