డిక్కీ మూఁత

మొన్న మా పాత కారు డిక్కీలో బియ్యపుమూట నుంచుచుండఁగా మూఁత ధభాలున మా చేతిపైఁ బడెను. గాజులు చిట్లినవి, వ్రేళ్లు దక్కినవి. ఏండ్లు గడచి స్ప్రింగులు సడలుటయే కారణము.

వానికి మాఱుగా గ్యాసు స్ట్రట్లు వేయించితిమి. ఈ గొట్టములలో మిక్కిలి యొత్తిడితో నింపిన నత్రజని మూఁతను మోయును. కొంచెము నూనె దాని వేగము నణఁచును. మఱింత గట్టివి వేయుమని మేమనఁగా మెకానిక్కు వారించెను: మూఁత బరువునకు మించిన బలము పాత రేకును వంచునఁట!

40 డిగ్రీల యెండకంటె 10 డిగ్రీల చలిలో వీని బలము సుమారు పదింట నొకవంతు తగ్గును. రెంటిని నొక్కసారియే మార్పింపవలెను. మార్చునంతసేపు మూఁతకుఁ గఱ్ఱ పోటుంచవలెను. పాడైనవానిని బిడ్డల కాటకీయరాదు. గ్రుచ్చినను, నిప్పులో వేసినను బ్రేలును.