బారకు తగ్గ విల్లు

విల్లు కొనబోయేవాళ్ల నోట మొదట వచ్చే మాట ‘ఎన్ని పౌండ్లది?’ అని. వేసేవాళ్ల బార ఎంతో కొలిచేవాళ్లు తక్కువ. సీతా స్వయంవరం కథ వింటూ పెరిగినవాళ్లం కదా, బరువైన విల్లు ఎక్కుపెట్టినవాడే మొనగాడన్న భావన మనలో పాతుకుపోయింది. కథకు అది అందమే కానీ, పన్నెండేళ్ల పిల్ల భుజానికి మాత్రం చేటు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్ పోటీలో నాలుగో స్థానంలో నిలిచాడు. అంతకు ముందు ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు తెచ్చింది. 2025లో పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత ప్రపంచ యూత్ చాంపియన్ అయింది. ఇవన్నీ టీవీలో, ఫోన్లలో చూసి నారాయణఖేడ్‌లోనో, చుట్టుపక్కల తండాల్లోనో ఓ పిల్ల ‘నాకూ విల్లు కావాలి’ అంటే కాదనడానికి మనసొప్పదు. సురేఖ, చికిత పట్టేది కప్పీలుండే కాంపౌండ్ విల్లు. ధీరజ్‌ది రికర్వ్. దానికి గురిచూసే సైటు, ఊగకుండా ఆపే కడ్డీలు ఉంటాయి. ఆ హంగులన్నీ తీసేసి కన్నును, చేతిని నమ్ముకుని వేసేదే సంప్రదాయ పద్ధతి. ఇంట్లో ఒక్కసారే పెద్ద మొత్తం పెట్టగలిగిన వాళ్లకు, ఆ పద్ధతిలో మొదలుపెట్టడానికి, లోహపు రైజరున్న టేక్‌డౌన్ రికర్వ్ మేలని మా అభిప్రాయం.

రైజర్ అంటే చేత్తో పట్టుకునే నడిమి భాగం. పైనా కిందా వంగే రెక్కలు లింబ్‌లు. టేక్‌డౌన్ విల్లులో ఈ మూడూ విడివడతాయి, భుజాన వేసుకునే సంచిలో ఇమిడిపోతాయి. అసలు లాభం అది కాదు. పిల్ల ఎదిగినకొద్దీ రైజర్ అదే ఉంచుకుని లింబ్‌లు మాత్రం మార్చుకోవచ్చు. కర్రు అరిగితే కర్రు మారుస్తాం కానీ నాగలిని పారేయం కదా, ఇదీ అంతే. అయితే కొనేముందు ఒక్క మాట అడగాలి: ఇది ఐఎల్‌ఎఫ్ రకమేనా? ఆ రకమైతే ఏ కంపెనీ చేసిన ఐఎల్‌ఎఫ్ లింబ్‌లైనా ఆ రైజర్‌కు కూర్చుంటాయి. మామూలు బోల్టు బిగింపుదైతే అదే తయారీదారు లింబ్‌ల కోసం ఎప్పటికీ వెతుక్కోవాలి. ఐఎల్‌ఎఫ్‌లో బోల్టు కొద్దిగా తిప్పి లాగుడు బరువును కొంత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు కూడా.

లోహం పట్టుకుంటే సంప్రదాయం చెడుతుందని కొందరి బాధ. ఆ బాధలో విల్లు మీద ప్రేమ ఉంది, దాన్ని గౌరవిద్దాం. కానీ మన దేశంలో ఒకప్పుడు పూర్తి ఉక్కుతోనే విల్లులు చేశారు. వాటిలో కొన్ని పిడి దగ్గర మరతో విడదీసేవి. ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. కొమ్ము, నరాలు, జిగురుతో అతికిన విల్లు వానాకాలపు చెమ్మకు పాడవుతుంది, ఉక్కుకు ఆ భయం లేదు. ఇక నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఇంత దూరం వచ్చేవాళ్లు. లోహం ఈ నేలకు కొత్త కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. కొన్ని పోటీల్లో సంప్రదాయ విభాగానికి చెక్క రైజరే కావాలంటారు, లోహపు రైజర్‌ను సైటు, కడ్డీలు లేని బేర్‌బో విభాగానికి పంపుతారు. పోటీల ఆలోచన ఉంటే ముందే నిబంధనలు చదువుకోవాలి.

ఇప్పుడు బార సంగతి. రెండు చేతులూ బార్లా చాపి, ఈ నడివేలి కొస నుంచి ఆ నడివేలి కొసకు టేపుతో కొలిచి రెండున్నరతో భాగిస్తే ఎంత లాగుతారో సుమారుగా తెలుస్తుంది. 60 అంగుళాల బార ఉన్న పిల్ల 24 అంగుళాలు లాగుతుంది. లింబ్ మీద రాసే పౌండ్లు 28 అంగుళాల లాగుడుకు లెక్క. అంగుళం తగ్గితే దాదాపు రెండు పౌండ్లు తగ్గుతాయి. కాబట్టి 24 పౌండ్ల లింబ్ ఆ పిల్ల చేతిలో పదహారు, పద్దెనిమిది పౌండ్ల మధ్యే ఉంటుంది. అది చాలు. రైజర్ 23 అంగుళాలది తీసుకుంటే పొట్టి లింబ్‌లతో 64 అంగుళాల విల్లవుతుంది, మధ్యరకంతో 66, పొడుగు వాటితో 68. బడి చదువు మొత్తానికి ఆ ఒక్క రైజర్ సరిపోతుంది. పెద్దవాళ్ల 25 అంగుళాల రైజర్ బరువుకు విల్లు పట్టే భుజం ముందే అలసిపోతుంది.

లాగుడు బరువు మించిందో లేదో పిల్ల ఒళ్లే చెప్పేస్తుంది. లాగుతుంటే భుజం చెవి వైపు లేస్తుంది, నడుము వెనక్కి వంగుతుంది, నారి పెదవి మూలకు చేరకముందే వేళ్లు వదిలేస్తాయి. మూడు వేళ్లతో లాగి నారిని అక్కడ ఆనించి, ఐదు లెక్కపెట్టేదాకా వణక్కుండా నిలబడగలిగితే ఆ విల్లు తనదే. 2015లో విజయవాడలో మూడేళ్లు నిండని పాప ఐదు, ఏడు మీటర్ల దూరం నుంచి వేసి రికార్డుకెక్కినప్పుడు, ఆ చేతికి తగ్గట్టు తేలికైన కార్బన్ బాణాలు సమకూర్చారు. పెద్దవాళ్ల సామాను పిల్ల చేతిలో పెట్టలేదు. ఆ ఓపిక ప్రతి ఇంట్లోనూ ఉండాలని కోరుకుంటాం.

ఈ విషయంలో బడులు చేయగల పని ఒకటుంది. నారాయణఖేడ్‌లాంటి చోట ఒక ఉన్నత పాఠశాల నాలుగైదు రైజర్లు, రకరకాల బరువుల లింబ్‌లు కొని ఉంచుకుని, గ్రంథాలయంలో పుస్తకంలా పిల్లలకు ఇస్తూ తీసుకుంటూ ఉంటే, పేదింటి పిల్లలు సరైన విల్లు కోసం ఎదురుచూస్తూ కూర్చోరు. ఏ తండ్రీ అప్పు చేసి ఎదిగే పిల్లకు తగని విల్లు కొనడు. లింబ్ మెలితిరిగిందేమో, పగులు ఉందేమో ఇచ్చే ముందూ తీసుకునేటప్పుడూ చూసుకోవాలి. బాణం లేకుండా నారి లాగి వదలొద్దని మొదటిరోజే చెప్పాలి, లింబ్ చీలిపోవచ్చు. గురికి గట్టిగా కట్టిన గడ్డిమోపులు, వెనకాల ఎత్తైన మట్టికట్ట, ఆ పక్కగా మనుషులూ పశువులూ తిరగని చోటు, పది మీటర్ల దూరం ఉంటే మొదటి నెలకు సరిపోతుంది.