సేన చెదరకుండుట

యుద్ధమున సేనలు చచ్చి యోడుట యరుదు. చెదరి యోడుటయే తఱచు. సంఖ్యయందును ఆయుధములయందును అధికమైన సైన్యము గూడ గుండె జాఱిన గడియలో మూకగా మాఱును. ఈ సత్యమును మన విద్యార్థులలో కొందఱు నేడు చరిత్ర గ్రంథములవలన గాక కంప్యూటరు ఆటలవలన గ్రహించుచున్నారు. ఆ యాటలు కేవలము కాలహరణమని పలికెడు పెద్దలలో నేనును ఒకడనై యుంటిని. భవానీపురమున నొక సాయంకాలము మా విద్యార్థి యొకడు తన యోటమిని నాకు జూపిన పిమ్మట నా యభిప్రాయము కొంత మాఱినది. అందులకు గల హేతువులను ఈ సంచికలో విన్నవింప దలచితిని.

అతడాడుచుండినది ‘టోటల్ వార్’ అను వరుసలోని యాట. ఈ వరుస 2000 సంవత్సరమున జపాను దేశపు యుద్ధముల కథతో నారంభమైనది. ఇందు ప్రతి పటాలమునకు బలముతో బాటు ధైర్యమునకు గూడ నొక కొలత యుండును. పరుగెత్తించి యలయించినచో నది తగ్గును. ప్రక్కనుండి గాని వెనుకనుండి గాని శత్రువు తాకినచో మిక్కిలి తగ్గును. పొరుగు పటాలము పాఱిపోవుట చూచినను, సేనాపతి కూలినను తగ్గును. అది యడుగంటినంతనే ఆ పటాలము తెల్ల జెండాతో పరుగు లంకించుకొనును. మా వానికి శత్రువుకంటె నెక్కువ సైన్యముండెను, అయినను ఓడెను. “నావాళ్ళు చావలేదండీ మాస్టారూ, పారిపోయారు” అని వాడు చెప్పిన మాట నా చెవిలో నిలిచిపోయినది.

మఱునాడు వాడే తన తప్పులను వరుసగా జెప్పెను. సైన్యము నంతయు నొక్కమాఱే పంపరాదు. కొంత వెనుక నిలిపి యుంచవలెను. ప్రక్కలను గాచుకొనవలెను. అలసినవారిని వెనుకకు దీసి సేద దీర్పవలెను. క్రొత్తవారిని ఆఱితేఱినవారి సరసన నిలుపవలెను. సేనాపతి యందఱికి దాపున నుండవలెను గాని తొందరపడి తాను ముందుగా జావరాదు. అన్నిటికంటె ముఖ్యమేమనగా, పటాలము తడబడుచున్నప్పుడే గుర్తించి యాదుకొనవలెను. పరుగు మొదలైన పిదప పిలిచిన పిలుపు తఱచుగా వారి చెవి కెక్కదు.

ఈ నియమములు ఆట నిర్మించినవారు కల్పించినవి కావు. 1520 సంవత్సరమున రాయచూరు యుద్ధములో శత్రువుల ఫిరంగుల ధాటికి శ్రీకృష్ణదేవరాయల ముందు వరుస విఱిగి వెనుదిరిగెను. అప్పుడాయన తన యుంగరమును సేవకుని కిచ్చి, తన మరణమునకు గుర్తుగా రాణులకు జూపుమని చెప్పి, స్వయముగా గుఱ్ఱమెక్కి ముందునకు సాగెనని పోర్చుగీసు వర్తకుడగు నూనిజ్ వ్రాసియున్నాడు. పాఱివచ్చువారిని చంపుడని రాయలాజ్ఞ యిచ్చెననియు ఆయనయే వ్రాసెను. సేన మఱల నిలిచినది, గెలిచినది. 1565 సంవత్సరమున తళ్ళికోట యుద్ధములో రామరాయలు పట్టువడి శిరచ్ఛేదము నొందగా, అంతటి విజయనగర సైన్యమును దిక్కులేక చెదరిపోయెను. ఒక్కని ప్రాణముతో ముడివడిన ధైర్యము ఆ యొక్కనితోడనే పోవును గదా!

మన కృష్ణా తీరమున జరిగిన దృష్టాంతము మఱింత విచిత్రమైనది. 1759 సంవత్సరమున ఆంగ్ల సేనాని ఫోర్డు మచిలీపట్టణపు కోటను ముట్టడించి యుండగా, జీతమును కొల్లధనమును ముట్టలేదని ఆయన తెల్ల సైనికులే ఆయుధములతో తిరుగబడిరి. కోట గెలిచినచో నందలి ధనము వారిదేయని మాట యిచ్చి ఫోర్డు వారిని నిలుపుకొనెను. ఏప్రిల్ 7వ తేది రాత్రి కోటపై బడినపుడు, యార్కు అను కెప్టెను వెంట నున్నవారిలో నెవడో “మందుపాతర!” అని కేక వేసెను. ఆ యొక్క మాటకు దళమంతయు వెనుకకు బాఱెను. యార్కుతో మిగిలినవారు డోలు వాయించు బాలు రిద్దఱే. వారు వాయించుట మానలేదు. యార్కు వెనుకకు బోయి కొందఱను గూడదీసికొని మఱల వచ్చెను. కోటలోని ఫ్రెంచి బలము ముట్టడించినవారికంటె నెక్కువ. అయినను నలుదిక్కులనుండి వచ్చిన కలవరపు వార్తలకు వారి సేనాని కాన్‌ఫ్లాన్ మనసు విఱిగి కోట నప్పగించెను. ఈ గెలుపు మన దేశమునకు మేలైనది కాదు. అందలి పాఠము మాత్రము మనము గ్రహింపదగినదే.

వెఱపు అంటువ్యాధివంటిదని మన పరిశుద్ధ గ్రంథము గూడ నెఱుగును. భయపడువాడు తన సహోదరుల గుండెను గూడ కరగించును గనుక వానిని ఇంటికి బంపవలెనని ద్వితీయోపదేశకాండము ఇరువదవ యధ్యాయము విధించుచున్నది. గిద్యోను ఆ విధముననే భయపడువారిని వెళ్ళుమనగా 22,000 మంది మరలిపోయిరి. 10,000 మంది మిగిలిరి.

ఇక నసలు సంగతికి వచ్చెదను. యుద్ధమున భీరువును ఇంటికి బంపవచ్చును. పాఠశాలకు ఆ స్వాతంత్ర్యము లేదు. మనము ఇంటికి బంపిన బాలునకు పోవుటకు మఱియొక పాఠశాల లేకపోవచ్చును. కొన్ని సంవత్సరముల క్రిందట నేను లెక్కల పరీక్ష మార్కులను తరగతి యెదుట బిగ్గరగా జదివితిని. అందఱికంటె తక్కువ వచ్చిన బాలునిగూర్చి యొక చమత్కారపు మాట యంటిని. తరగతి నవ్వినది, నేనును నవ్వితిని. వాడు వారము దినములు బడికి రాలేదు. అంతకంటె చోద్యమేమనగా, వాని బల్లపై గూర్చుండు ఇద్దఱు బాలురు, వారికి వచ్చిన మార్కులు మంచివే యైనను, లెక్కలు చేయుట మానివేసిరి. నేనొక్కని గొట్టితి ననుకొంటిని; ఒక పటాలమే చెదరినది. దానికి గారణము నాకు బోధపడుటకు కంప్యూటరు తెఱపై తెల్ల జెండాలు చూడవలసి వచ్చినది.

ఇట్లయిన క్రమశిక్షణ సడలునని కొందఱు సహోపాధ్యాయు లనవచ్చును. సిగ్గు చేతను భయము చేతను నిలిచినవారు లేరని నేననను. రాయల యాజ్ఞ కఠినమైనదే. కాని ఆయన ఆజ్ఞ యిచ్చి వెనుక నిలువలేదు, తానే ముందు నడచెను. బెత్తము పట్టి బల్లచెంత గూర్చుండువానికి ఆ యుపమానము చెల్లదు. విరాటపర్వములో నుత్తరకుమారుడు కౌరవ సేనను జూచి రథము దిగి పరుగెత్తగా, అర్జునుడు వానిని వెంబడించి పట్టి తెచ్చెను. తెచ్చి పగ్గములు వాని చేతికిచ్చి, తాను పోరెదనని చెప్పెను. ఉత్తరుని ప్రగల్భములను మనము సామెతగా జెప్పుకొని నవ్వుదుము గాని, ఆ దినమున రథము నడపినవాడు ఉత్తరుడేయని మఱతుము.

కావున నా మనవి యిది. మార్కులను వరుస బెట్టి తరగతిలో జదువుట మానుదము. కష్టమైన లెక్కల నన్నిటిని ఒక్కనాడే పిల్లలపై బడవేయకుందము. వెనుకబడినవానిని సమర్థుని ప్రక్కను గూర్చుండబెట్టి, వాని చేతికి వాడు మోయగల పని యొకటి యిత్తము. ఆటలోని సైనికునకు తల్లి లేదు, ఇల్లు లేదు. వాడు చెదరినచో ఆటను మఱల నారంభింపవచ్చును. మన పిల్లల విషయమున ఆ మీట లేదు.

ఆ వెనుక బల్లపై బాలుడు మఱుసటి వారము తిరిగి వచ్చెను. నేను వానిని బిలిచి, తప్పు నాదియని చెప్పి, నల్లబల్లమీద లెక్క వేయుటకు సుద్దముక్క చేతికిచ్చితిని. లెక్క తప్పెను. వాడు మాత్రము తన చోటికి బోక, తుడిచి మఱల వేయుటకు నిలిచెను. అదియే చాలును.