పుస్తకంలో పావు, అర, ముక్కాలు ఉండనివ్వండి



మహిళా విభాగం వాళ్ళు మనవాళ్ళ వంటల పుస్తకం వేయాలని పని మొదలుపెట్టారు. చాలా సంతోషం. అయితే పోయిన వారం గ్రూపులో కొలతల మీద జరిగిన చర్చ చూశాను. సోల, గిద్ద, ఆళాకు ఇప్పుడెవరికీ తెలియవు, అన్నీ గ్రాములూ మిల్లీలీటర్లలోనే వేయాలని చిన్నవాళ్ళు అంటున్నారు. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, నా తెలుగులో తమిళ వాసన ఉంటుంది. కానీ రైల్వేలో గుమాస్తాగా జీవితమంతా లెక్కలతోనే గడిపాను గనక ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

సోల, గిద్ద తీసేస్తే నాకేమీ బాధ లేదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇక్కడి లెక్కలో రెండు ఆళాకులు ఒక ఉళక్కు, రెండు ఉళక్కులు ఒక ఉరి, రెండు ఉరులు ఒక పడి. ఆ పాత్రలు ఇప్పుడు అంగట్లో దొరకవు. దొరికే రోజుల్లోనే ఒక ఊరి పడి ఇంకో ఊరి పడితో సరిపోయేది కాదు. పోనీ. కానీ ఆ వరసలో ఉన్న లెక్క చూడండి. అంతా సగం, ఆ సగంలో సగం. ఆ లెక్క మాటలు మాత్రం పోకూడదంటాను.

ఇప్పుడు అందరి ఇళ్ళలో ఉన్నది ప్లాస్టిక్ కప్పుల సెట్టు. ఒకటి, అర, మూడో వంతు, పావు. నాలుగూ ఉన్న ఇల్లు తక్కువ, ఒకటో రెండో ఎప్పుడో పోయుంటాయి. అయినా ఒక కప్పు, ఒక పెద్ద స్పూను ఉంటే చాలు. కప్పు 240 మిల్లీలీటర్లు, పెద్ద స్పూను 15. అంటే కప్పుకు సరిగ్గా 16 స్పూన్లు. పదహారో వంతుకు మన పెద్దలు పెట్టిన పేరు వీసం. "వీసమెత్తు కూడా లేదు" అని ఇప్పటికీ అంటామే, అదే. కాబట్టి ఒక స్పూను వీసం, రెండు స్పూన్లు అరకాలు, నాలుగు పావు, ఎనిమిది అర, పన్నెండు ముక్కాలు. ఆంధ్రాలో ముప్పావు అంటారు, మన ఇళ్ళలో ముక్కాలే. తమిళంలోనూ కాల్, అరైక్కాల్, ముక్కాల్, వీసమే కదా, మన పిల్లలకు రెండు వైపులా పనికొస్తుంది. పాతవాళ్ళు "ముక్కాలు మువ్వీసం అయిపోయింది" అనేవారు, దాదాపు అంతా అయిందని. స్పూన్లలో అది పదిహేను!

చక్కెర పొంగలి తీసుకుందాం. ఒక కప్పు బియ్యం, పావు కప్పు పెసరపప్పు, ఒకటిన్నర కప్పు బెల్లం. ఇంట్లో ఇద్దరమే ఉన్నాము, పావు వంతు చాలు. బియ్యం పావు. పప్పు పావులో పావు, అంటే వీసం, ఒకే స్పూను. బెల్లం ఒకటిన్నరలో పావు, అంటే పావూ అరకాలూ, ఆరు స్పూన్లు. నోటితోనే తేలిపోయింది. పుస్తకంలో 360 మిల్లీలీటర్లని వేస్తే పావు వంతు 90 వస్తుంది, 90 కప్పు ఏ సెట్టులో ఉంది?

మూడో వంతు ఒక్కటే చిక్కు. మన సగాల లెక్కలో అది కుదరదు. అయిదు పెద్ద స్పూన్లు, ఒక చిన్న స్పూను పోస్తే సరిపోతుంది. ఇక నీళ్ళో నూనెనో సగం కావాలంటే, అంచు నుంచి అడుగు దాకా ఒకే వెడల్పున్న గ్లాసు నిండా పోసి మెల్లగా వంచండి. ఒక పక్క అంచు దగ్గర, ఎదురు పక్క అడుగు మూల దగ్గర మట్టం తగలగానే ఆపితే సరిగ్గా సగం. పైన విచ్చుకున్న గ్లాసులో ఇది పనికిరాదు.

గ్రాములు వద్దని నేననను. ఆవకాయకు గ్రాములే సరి. కప్పు కల్లుప్పు, కప్పు పొడి ఉప్పు ఒకే బరువు తూగవు, అక్కడ కప్పును నమ్మితే ఊరగాయ చెడిపోతుంది. మిగతా వంటలకు భాగాలుగా రాయండి. ఇడ్లీకి ఇక్కడ మినప్పప్పు ఒకటికి ఉప్పుడు బియ్యం నాలుగు, ఆంధ్రాలో చుట్టాలు ఒకటికి రెండు ఇడ్లీ రవ్వ పోస్తారు. కప్పు పెద్దదైనా చిన్నదైనా ఈ లెక్క మారదు.

మన ఆదివారం తెలుగు క్లాసుకు వచ్చే పిల్లలు కథ చదువుతారు, పాట పాడతారు. పావు అంటే మాత్రం "వన్ బై ఫోరా తాతా?" అని అడుగుతారు. వాళ్ళ తప్పు కాదు. పావలా నాణెం 2011లో చెల్లకుండా పోయింది, ఆ మాట వినే చోటు వంటిల్లు ఒక్కటే మిగిలింది. అక్కడ కూడా మనమే 60 ఎం.ఎల్. అని అచ్చువేసి పెడితే ఇంక ఎక్కడ వింటారు? పావుకూ వీసానికీ మన లిపిలో వేరే గుర్తులే ఉన్నాయి, 2008లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కాయి. గుర్తులు ఎక్కి, మాటలు దిగిపోతున్నాయి.

మహిళా విభాగం వారికి నా మనవి ఇంతే. మొదటి పేజీలో స్పూన్ల పట్టిక ఒకటి, లోపల పావు, అర, ముక్కాలు. ఇంట్లో పాత సోల, గిద్ద, ఆళాకు ఉన్నవాళ్ళు వచ్చే ఆదివారం క్లాసుకు పట్టుకురండి. పిల్లల చేత నీళ్ళు పోయించి, ఏది ఎన్ని స్పూన్లు పడుతుందో రాయిద్దాం.