లోతుగల ప్రతినే భద్రపఱుపవలెను

కంప్యూటరుపై చిత్రరచన నేర్చు విద్యార్థులు నానాటికి హెచ్చుచున్నారు. ఉచితముగా లభించు బ్లెండరు వంటి సాధనముల మూలమున, పూర్వము గొప్ప చిత్రనిర్మాణశాలలకే సాధ్యమైన పని నేడు పాఠశాలలోని బల్లమీదనే జరుగుచున్నది. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయినను వీరిలో పెక్కుమందికి గల యొక యలవాటు మాకు విచారమును కలిగించుచున్నది. కంప్యూటరు గంటలకొలది గణించి చిత్రమును సిద్ధపఱచుటయే రెండరింగు. అది ముగిసిన వెంటనే వారు చిత్రమును ఎనిమిది బిట్ల జేపెగ్ ఫైలుగా దాచి, పిమ్మట దానిమీదనే వెలుగును, రంగులను సవరింపజూతురు. ఇది తగదని మా యభిప్రాయము.

ఏలయన, ఎనిమిది బిట్లలో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను ఒక్కొక్క దానికి 256 మెట్లు మాత్రమే కలవు. మూడింటిని కలిపినచో 1,67,77,216 వర్ణములగును గనుక ఇవి చాలునని తోచవచ్చును. చూచుటకు చాలును, సవరించుటకు చాలవు. ఒక చీకటిగదిని చిత్రించితి మనుకొందము. అందలి నీడలు 10 మొదలు 20 వఱకు గల సంఖ్యలలో నున్నవి. అనగా 11 మెట్లు. వెలుగు చాలలేదని ఆ సంఖ్యలను నాలుగింతలు చేసినచో అవి 40, 44, 48 అని గంతులు వేయుచు 80 వఱకు పోవును. మెట్లు మాత్రము 11 కంటె హెచ్చవు. మృదువుగా నుండవలసిన నీడ చారలు చారలుగా విడిపోవును. ఆ భాగమే 16 బిట్లలో నున్నచో 2570 మొదలు 5140 వఱకు 2571 మెట్లుండును; నాలుగింతలు చేసినను చారలు కంటికి కనబడవు.

వెలుగు మిక్కుటమైనచోట నష్టము మఱింత గొప్పది. రెండరింగునందు సూర్యకాంతియు, తెల్లగోడ కాంతియు వేఱువేఱుగనే గణింపబడును. కాని ఎనిమిది బిట్ల ఫైలులో, తెలుపునకు ఏర్పఱచిన హద్దును మించిన దంతయు 255 అనియే వ్రాయబడును. పిమ్మట ఎంత మసకపఱచినను కిటికీ వెలుపలి మేఘములు మఱల రావు. బూడిదరంగు పలక మాత్రము మిగులును. ఇట్టి ఫైలును 16 బిట్లకు మార్చుటయు నిష్ఫలమే. సోలెడు నీటిని కడవలో పోసినంతమాత్రమున కడవెడు కావు గదా!

ఈ చిక్కు నెఱిగియే ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అను సంస్థవారు ఓపెన్ ఈఎక్స్‌ఆర్ అను ఫైలుపద్ధతిని కల్పించి, 2003 సంవత్సరమున లోకమున కుచితముగా నొసగిరి. అందలి 16 బిట్ల ఫ్లోటింగ్ పాయింటు సంఖ్యలు, వెలుగు రెట్టింపగు ఒక్కొక్క అంతరమునకు 1024 మెట్ల నిచ్చును. తెలుపును 1 అనుకొన్నచో, 65,504 వఱకు గల వెలుగును వ్రాయవచ్చును. బ్లెండరునందు ఈ పద్ధతి లభించుచున్నది.

తెఱలు పెక్కు ఎనిమిది బిట్లనే చూపును గదా, హెచ్చు లోతు ఎందులకని కొందఱందురు. ఛాయాచిత్రకారుడు ముద్రించిన పటమును మన కిచ్చి, నెగెటివును తనయొద్ద దాచుకొనును. చూచుటకు పటము, మఱల పని చేయుటకు నెగెటివు. ఇక్కడను అంతియే.

స్థలము చాలదని మఱికొంద ఱందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. 1920 అడ్డము, 1080 నిలువు బిందువులుగల చిత్రము, కుదింపు లేనిచో, ఎనిమిది బిట్లలో సుమారు 62 లక్షల బైట్లు, 16 బిట్లలో సుమారు 124 లక్షల బైట్లు పట్టును. సెకనుకు 24 చొప్పున ఒక్క నిమిషపు చలనచిత్రమునకు 1440 చిత్రములు. అనగా సుమారు 18 గిగాబైట్లు. అయితే ఒక్కొక్క చిత్రమునకు 5 నిమిషములు పట్టినను, వానినన్నిటిని తిరిగి రెండరు చేయుటకు 120 గంటలు, అనగా రేయింబవళ్లు ఐదు దినములు కావలెను. స్థలమును సంపాదింపవచ్చును, పోయిన కాలమును సంపాదింపలేము.

కావున విద్యార్థులారా, రెండరింగు ముగియగానే లోతుగల ప్రతిని భద్రపఱుపుడు. సవరణలన్నియు దానిమీదనే చేయుడు. తుదకు మాత్రము, డిథరింగు అను స్వల్పమైన చిందరను చేర్చి ఎనిమిది బిట్లకు దింపుడు; చారలు మఱుగుపడును. ఉపాధ్యాయులును పోటీలయందు చిత్రముతోబాటు మూలఫైలును గూడ అడిగినచో ఈ యలవాటు త్వరలో నాటుకొనును. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటకంటె, ముందే జాగ్రత్తపడుట బుద్ధిమంతుల లక్షణము.