ఆదివారం ఉదయం రింగు పక్కన కూర్చున్న విశ్వాసి



ఈ వారం కొంచెం కఠినంగా రాస్తున్నాను. ముఖ్యంగా మన యవ్వనస్థులు చివరిదాకా చదవాలి.

2025 ఆగస్టు 2న టోక్యోలోని కొరాకుయెన్ హాల్‌లో బాక్సింగ్ పోటీలు జరిగాయి. షిగెతోషి కొతారి అనే యువకుడు టైటిల్ కోసం 12 రౌండ్లు పోరాడాడు. పోటీ సమంగా ముగిసింది. ఆ తర్వాత అతను కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తస్రావమైంది, ఆపరేషన్ చేశారు, ఆగస్టు 8న చనిపోయాడు. అదే రోజు, అదే రింగులో దెబ్బలు తిన్న హిరోమాసా ఉరకావా ఆ మర్నాడే చనిపోయాడు. ఇద్దరికీ 28 ఏళ్లే. అప్పుడు జపాన్ బాక్సింగ్ పెద్దలు ఏం చేశారు? ఆ టైటిల్ పోటీలను 12 రౌండ్ల నుంచి 10కి తగ్గించారు. రెండు ప్రాణాలకు రెండు రౌండ్లు!

సరిగ్గా అయిదు వారాలకు, సెప్టెంబరు 13 శనివారం రాత్రి, లాస్ వేగాస్‌లో కనేలో, క్రాఫోర్డ్ పెద్ద టైటిల్ కోసం తలపడ్డారు. నెట్‌ఫ్లిక్స్‌లో లోకమంతా చూసింది. అక్కడ శనివారం రాత్రి అంటే ఇక్కడ మనకు ఆదివారం ఉదయం. మాడుగుల కొండల కింద మన పల్లెల్లో విశ్వాసులు ఆరాధనకు కూడుకునే వేళ. ఒకే గడియలో రెండు పిలుపులు. ఒకటి దేవుని మందిరం నుంచి, ఒకటి జేబులోని ఫోన్ నుంచి.

“అయ్యగారూ, అది ఆటే కదా, చూస్తే తప్పేంటి?” అంటారు. క్రికెట్‌లో బంతి తగిలి దెబ్బతింటే అది ప్రమాదం. బాక్సింగ్‌లో ఎదుటివాడి తలకు దెబ్బ తగలడమే గెలుపు. నాకౌట్ అని మనం చప్పట్లు కొట్టేది ఏమిటి? ఒక మనిషి మెదడు కదిలిపోయి స్పృహ తప్పడం. తలకు పదేపదే దెబ్బలు తిన్న బాక్సర్లు తర్వాత తాగినవాళ్ళలా తూలుతున్నారని అమెరికా వైద్యుడు మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. దాదాపు వందేళ్ల నుంచి తెలిసిన సంగతి ఇది.

నిర్గమకాండము 21వ అధ్యాయం చదవండి. పొడిచే అలవాటున్న ఎద్దు సంగతి ముందే తెలిసీ యజమాని దాన్ని కట్టెయ్యకపోతే, అది మనిషిని చంపినప్పుడు దోషం ఎద్దుతో ఆగదు, యజమాని మీదికి కూడా వస్తుంది. రైతు బిడ్డలకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. తెలిసీ ఊరుకున్నవాడు నిర్దోషి కాడు. మరి తెలిసీ డబ్బు కట్టి చూసేవాడు?

“వాళ్ళిష్టంతోనే కదా కొట్టుకుంటున్నారు” అనేది రెండో మాట. సంక్రాంతికి కోడిపందేల బరికి పోవద్దని చెబితే మీరంతా ఆమేన్ అంటారు. కాలికి కత్తి కట్టిన కోడిని చూడటం తప్పయితే, దేవుని స్వరూపంలో చేయబడిన మనిషి నెత్తురు చూడటం ఒప్పు ఎలా అయింది? కోడిపందెం దగ్గరున్నట్టే ఇక్కడా డబ్బు పందేలున్నాయి. ఆన్‌లైన్ పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. ఆ ఇద్దరు బాక్సర్లు చనిపోయిన ఆగస్టులోనే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ప్రభుత్వం తప్పన్నదాన్ని సంఘం సరదా అనవచ్చా?

మూడో మాట, “పౌలు కూడా బాక్సింగ్ గురించి రాశాడు.” రాశాడు. 1 కొరింథీయులకు 9వ అధ్యాయం చివర చూడండి. ఆ పిడికిలి ఎవరి మీద పడింది? తన శరీరం మీదే. తన ఆశలను లోబరచుకోవడానికి. పక్కవాడి దవడ మీద కాదు.

“జార్జ్ ఫోర్‌మన్ పాస్టరుగా ఉండేవాడు కదా” అని కూడా అంటారు. నిజమే. 1977లో ఓడిపోయిన రాత్రి ప్రభువును తెలుసుకున్నానని ఆయన సాక్ష్యం. కానీ వెంటనే ఏం చేశాడు? రింగు వదిలేశాడు. పదేళ్లు వాక్యం చెప్పాడు, హ్యూస్టన్‌లో పిల్లల కోసం యువజన కేంద్రం పెట్టాడు. దాన్ని నడపడానికి డబ్బు కావాలనే తిరిగి వచ్చానన్నాడు. 1994లో 45 ఏళ్ల వయసులో మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. ఆయన్ని అనుసరించాలంటే ఆ యువజన కేంద్రం దగ్గర మొదలుపెట్టండి.

నేను వ్యాయామానికి శత్రువును కాను. నిజామాబాద్ ఆడబిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయితే తెలుగువారంతా సంతోషించారు. ఆమె క్రమశిక్షణను మెచ్చుకుందాం. ఆ పోటీల్లో మూడే రౌండ్లు, ఆడవారికి తలకు రక్షణ, పాయింట్లతో తీర్పు ఉంటాయి. అయినా దెబ్బ అక్కడా దెబ్బే. కాకపోతే మనిషి పడిపోవడం కోసమే టికెట్ అమ్మే వ్యాపారం వేరు.

అగస్టీను తన స్నేహితుడు అలీపియస్ గురించి రాశాడు. స్నేహితులు అతన్ని గ్లాడియేటర్ల ఆటకు బలవంతంగా లాక్కెళ్ళారు. చూడనని కళ్ళు మూసుకున్నాడు, చెవులు మూసుకోలేదు. జనం కేక వినగానే కళ్ళు తెరిచాడు. రక్తం చూశాడు, దానికే మత్తెక్కిపోయాడు. ఆ తర్వాత తనే ఇతరులను తీసుకెళ్ళేవాడయ్యాడు. అయినా దేవుడు అతన్ని వదల్లేదు, చివరికి సంఘ అధ్యక్షుడయ్యాడు. ఇంకా కళ్ళు తెరవని తమ్ముడికి ఇది హెచ్చరిక. ఇప్పటికే మత్తులో ఉన్నవాడికి ఇది నిరీక్షణ.

కాబట్టి తమ్ముళ్ళారా, వచ్చే ఆదివారం ఫోన్ ఇంట్లో పెట్టి బైబిలు పట్టుకుని రండి. తల్లిదండ్రులారా, పిల్లవాడు ఏ ఆటలో గెలిచాడని అడిగినట్టే, ఏం చూస్తున్నాడో కూడా అడగండి.

ప్రార్థన: ప్రభువా, మా కోసం దెబ్బలు తిన్నవాడా, ఇతరుల దెబ్బల్లో సంతోషం వెతికే కన్నులను మా నుండి తొలగించుము. దుఃఖిస్తున్న ఆ రెండు కుటుంబాలను ఆదరించుము. మా బిడ్డల బలాన్ని నీ సేవకు వాడుకొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.